బూటు చిరిగితే ఆగకండి: సీవీ జాయింట్ విప్పి, కడిగి, బిగించిన నా అనుభవం

కారు ముందు చక్రం లోపలి వైపు రిమ్ము మీద నల్లటి జిడ్డు చారలు కనిపిస్తే చాలామంది బ్రేక్ ఆయిల్ కారుతోందని కంగారుపడతారు. ఆ జిడ్డును వేలితో తీసి రెండు వేళ్ల మధ్య రాసి చూస్తే సంగతి తెలిసిపోతుంది. బ్రేక్ ఆయిల్ అయితే పల్చగా జారుతుంది. నా వేలికి అంటింది అలా లేదు. చిక్కగా, ముదురు బూడిద రంగులో, పెన్సిలు ముల్లు నూరి కలిపినట్టు మెరుస్తోంది. ఆ మెరుపు గ్రీజులో కలిపే కందెన పొడి మాలిబ్డినం డైసల్ఫైడ్‌ది. చక్రం దాపుల్లో అలాంటి గ్రీజు ఉండే చోటు సీవీ జాయింట్, అంటే షాఫ్ట్ వంగినా చక్రానికి తిప్పుడును ఒకే వేగంతో అందించే కీలు.

స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి, టార్చి వేసి చూశాను. గేర్‌బాక్స్ నుంచి ఎడమ చక్రాన్ని తిప్పే కడ్డీ, అంటే డ్రైవ్ షాఫ్ట్ చివర, జాయింట్‌ను కప్పే మడతల రబ్బరు తొడుగుకు రెండు మడతల మధ్య చీలిక కనిపించింది. ఈ తొడుగునే బూటు అంటారు. మడత మూసుకున్నప్పుడు గీతలా ఉంటుంది, చక్రం తిప్పితే నోరు తెరుస్తుంది. నడుస్తున్న బండిలో ఆ బూటు చక్రంతో పాటే గిర్రున తిరుగుతుంది కాబట్టి, లోపలి గ్రీజంతా ఆ చీలికలోంచి చుట్టూ చిమ్ముతుంది. గ్రీజు పోయిన దారినే నీళ్లు, ఇసుక, దుమ్ము లోపలికి వస్తాయి. సీవీ జాయింట్ తనంతట తాను అరిగి పాడయ్యే సందర్భాలు తక్కువ. బూటు బాగున్నంత కాలం అది బండితో పాటే బతుకుతుంది. చావంతా ఆ కాస్త రబ్బరు చినగడంతోనే మొదలవుతుంది.

నా బండిలో అప్పటికి ఏ శబ్దమూ లేదు. తమ్ముడు అదే అడిగాడు: "శబ్దమే లేదుగా అక్కా, ఇప్పుడెందుకు విప్పడం?" శబ్దం లేదు కాబట్టే విప్పాలన్నాను. స్టీరింగ్ బాగా తిప్పి యాక్సిలరేటర్ తొక్కినప్పుడు టక్, టక్, టక్ మని లయగా వినిపించిందంటే బయటి జాయింట్‌లో గాడులు అప్పటికే అరిగిపోయాయని అర్థం. ఆ తర్వాత ఎంత మంచి గ్రీజు పెట్టినా పోయిన లోహం తిరిగి రాదు. లోపలి జాయింట్, అంటే గేర్‌బాక్స్ వైపుది పాడైతే లక్షణం వేరు: తిన్నగా వెళ్తూ గట్టిగా వేగం అందుకునేటప్పుడు బండి అడ్డంగా వణుకుతుంది, కాలు తీయగానే తగ్గుతుంది. రెండూ లేని దశలో దొరికింది కాబట్టి నాకు పని బూటు, గ్రీజు, క్లాంపులతో తేలిపోయే అవకాశం ఉంది. అవకాశం అని ఎందుకన్నానంటే, విప్పి గాడులు చూసేదాకా ఎవరూ ఖాయంగా చెప్పలేరు.

అసలు ఈ జాయింట్ ఎందుకుందో కాస్త చెప్పాలి, లేకపోతే లోపల గోలీలను వాటి చోట వాటినే పెట్టాలన్న పట్టుదల చాదస్తంగా కనిపిస్తుంది. ముందు చక్రాలు బండిని లాగాలి, పక్కకూ తిరగాలి, గుంటల్లో పైకీ కిందికీ ఆడాలి. లారీల ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు ఉండే కూడలి జాయింట్ (యూనివర్సల్ జాయింట్) ఈ పనికి సరిపోదు. ఒంపులో ఉన్నప్పుడు అది తిప్పుడును సమంగా అందించదు: ఒక వైపు షాఫ్ట్ నిలకడగా తిరుగుతున్నా, అవతలి షాఫ్ట్ ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం పెంచుకుని రెండుసార్లు తగ్గించుకుంటుంది. 30 డిగ్రీల ఒంపులో ఆ తేడా పైకి 15 శాతం, కిందికి 13 శాతం దాకా ఉంటుంది. అదే ముందు చక్రానికి తగిలిస్తే మలుపు మలుపుకీ స్టీరింగ్ చేతిలో కొట్టుకుంటుంది. 1926లో ఆల్ఫ్రెడ్ జెప్పా అనే ఇంజనీరు దీనికి చూపిన పరిష్కారమే నేడు దాదాపు ప్రతి ముందు చక్రాల డ్రైవ్ కారులోనూ బయటి జాయింట్‌గా ఉంది. ఆరు ఉక్కు గోలీలు, లోపల ఆరు గాడుల నక్షత్రం, బయట ఆరు గాడుల కప్పు, మధ్యలో గోలీలను ఒకే తలంలో పట్టి ఉంచే పంజరం. షాఫ్టులు ఎంత వంగితే గోలీల తలం అందులో సరిగ్గా సగం వంగుతుంది. కోణం 40 అయితే తలం 20 దగ్గర ఉంటుంది. ఆ సగం లెక్క తప్పనంత వరకూ రెండు వైపులా వేగం ఒక్కటే. 45 డిగ్రీలు దాటి కూడా ఇది పనిచేయగలదు. 1959లో వచ్చిన బ్రిటిష్ మినీ కారు ఈ రకం జాయింట్లతోనే చిన్న కార్ల రూపాన్ని మార్చేసింది.

ఇక పని సంగతి. యాక్సిల్ చివరి పెద్ద నట్టు బండి నేల మీద ఉండగానే వదులు చేయాలి. చాలా కార్లలో ఆ నట్టు బిగింపు 200 న్యూటన్ మీటర్లకు అటూ ఇటూ ఉంటుంది, కొన్నిటికి 300 దాకా. జాకీ మీదున్న బండిని అంత బలంతో ఊపడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. వెనక చక్రాలకు అడ్డు చెక్కలు పెట్టి, తమ్ముణ్ణి బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకోమన్నాను. ముందుగా నట్టు అంచును గాడిలోకి నొక్కి లాక్ చేసిన చోటును సన్న ఉలితో పైకి లేపాను. అది లేపకుండా తిప్పితే షాఫ్ట్ మరలు పోతాయి. సాకెట్‌కు పొడవాటి పైపు తగిలించి ఒళ్లంతా ఆనించాక 'కిర్రు'మని కదిలింది. ఆ తర్వాతే జాకీ ఎక్కించి, స్టాండ్ల మీద దించి, చక్రం తీశాను. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను.

గేర్‌బాక్స్ ఆయిల్ కొంత దించుకోవాలి, లేకపోతే షాఫ్ట్ బయటికి రాగానే ఆ రంధ్రంలోంచి నేల మీదికి పారుతుంది. చక్రాన్ని కిందినుంచి పట్టి ఉంచే ఆర్మ్ బాల్ జాయింట్ బోల్టు తీసి, ఆర్మును కిందికి నొక్కి, నకిల్‌ను, అంటే చక్రాన్ని మోసే లోహపు దిమ్మను, బయటికి వాల్చాను. చక్రం బిగించే హబ్‌లో షాఫ్ట్ పళ్లు తుప్పుతో పట్టుకుని ఉన్నాయి. షాఫ్ట్ మొన మీద నేరుగా సుత్తితో కొడితే మర చితికి నట్టు ఇక ఎక్కదు. పాత నట్టును మొన అంచు దాకా తిప్పి పెట్టి, దాని మీద చెక్క దిమ్మ ఆనించి కొట్టాను. నాలుగు దెబ్బలకు లోపలికి జారింది. నకిల్‌ను పక్కకు లాగేటప్పుడు బ్రేక్ గొట్టం మీద, ఏబీఎస్ వైరు మీద కన్ను వేసి ఉంచాలి. రెండూ సాగేవి కావు.

గేర్‌బాక్స్ వైపు లాగడంలో ఒక కిటుకుంది. షాఫ్టును పట్టుకుని గుంజకూడదు. గుంజితే గేర్‌బాక్స్‌లోని లాక్ వదలదు గానీ లోపలి జాయింట్ మాత్రం బూటులో ఊడి వస్తుంది. జాయింట్ కప్పుకూ గేర్‌బాక్స్ గోడకూ మధ్య చదునైన కమ్మీ పెట్టి, ఆయిల్ సీల్‌కు తగలకుండా, ఒక్క కుదుపు ఇచ్చాను. టప్ మని వచ్చేసింది. షాఫ్టును మాత్రం ఒక చివర వేలాడనివ్వలేదు. దాని బరువంతా ఒక్క జాయింట్ మీద పడి కోణం మించి వంగితే అప్పటిదాకా బాగున్నది కూడా పాడవుతుంది. ఇంకోటి, కొన్ని గేర్‌బాక్సుల్లో రెండు వైపులా షాఫ్టులు ఒకేసారి తీసేస్తే లోపల రెండు వైపులకూ తిప్పుడును పంచే డిఫరెన్షియల్ పళ్ల చక్రాలు పక్కకు జరిగిపోతాయి. అందుకే ఎప్పుడైనా ఒక వైపు బిగించాకే రెండో వైపు ముట్టుకుంటాను.

షాఫ్టును వైస్‌లో, దవడలకు మధ్య చెక్క ముక్కలు పెట్టి బిగించాను. చిరిగిన బూటు కోసి పారేశాను. గ్రీజు తుడవకముందే చిటికెడు తీసి తెల్ల కాగితం మీద రుద్ది చూశాను. ఇది నా అలవాటు, ఎవరికైనా గట్టిగా చెప్తాను. కాగితం మీద నున్నగా పరుచుకుంటే మంచిదే. గరగరమంటే లోపలికి ఇసుక చేరింది. తుప్పు రంగు కనిపిస్తే నీళ్లు చేరాయి. వెండి రేకుల్లాంటివి తళుక్కుమంటే గాడుల పై పొర లేచిపోతోందన్నమాట. నాకు గరగర తగిలింది, రేకులు లేవు. ఆశ మిగిలింది.

బయటి జాయింట్‌ను షాఫ్ట్ మీద నిలిపేది ఒక చిన్న తీగ లాక్. కొన్నిటికి అది పైకి కనిపిస్తుంది, చెవుల ప్లయర్‌తో విప్పి లాగొచ్చు. నాది లోపల దాగి ఉండే రకం. ఇత్తడి కడ్డీని లోపలి నక్షత్రం మీదే, పంజరం మీద కాదు, ఆనించి సుత్తితో ఒక్కటిచ్చాను. నక్షత్రం గట్టిది, ఓర్చుకుంటుంది. పంజరం సన్నది, దెబ్బకు బీటలు పడుతుంది.

ఇప్పుడు చేతిలో ఉన్నది జాయింట్ ఒక్కటే. ఇక్కడ తొందరపడితే చేసిన పనంతా వృథా. కప్పు, పంజరం, నక్షత్రం ఏ దిక్కున ఉన్నాయో గుర్తు పెట్టుకోవాలి. పంచ్ కొట్టకూడదు, ఈ ఉక్కు గట్టిపరిచింది, దెబ్బ చోట చిట్లుతుంది. రంగు చుక్కలు పెడితే కిరసనాయిల్లో కడిగినప్పుడు పోతాయి. అందుకే గోలీ తగలని అంచుల మీద కార్బైడ్ మొన గీత సూదితో మూడింటికీ ఒకే వరసలో సన్నని గీత పెట్టి, పక్కన రంగు కూడా వేశాను. ఒక అట్ట ముక్కకు ఆరు చిల్లులు చేసి, ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు రాసి పక్కన పెట్టుకున్నాను.

నక్షత్రాన్ని ఒక పక్క కిందికి నొక్కితే ఎదురు పక్క పైకి లేస్తుంది, అక్కడి గోలీ కప్పు అంచు దాటి బయటపడుతుంది. కొత్తలో ఇది చాలా బిగుతుగా ఉంటుంది, చెక్క పిడితో తట్టి వంచాలి. మొదటి గోలీ కాస్త మొండికేస్తుంది, మిగతావి వరసగా వస్తాయి. వచ్చినదాన్ని వచ్చినట్టు దాని అంకె ఉన్న చిల్లులో పెట్టాను. ఆరూ వచ్చాక పంజరాన్ని నిలువుగా, కప్పుకు అడ్డంగా తిప్పాలి. పంజరం కిటికీలన్నీ ఒకే పొడవు కావు, కొన్ని కాస్త పొడుగ్గా ఉంటాయి. ఆ పొడుగు కిటికీలు రెండు కప్పు లోపలి మిట్టల మీదికి వచ్చేలా నిలిపితే అప్పుడు మాత్రమే పంజరం పైకి జారి వస్తుంది. మరే కోణంలోనూ రాదు, బలం ఉపయోగపడదు. నక్షత్రాన్నీ అలాగే అడ్డంగా తిప్పి, దాని ఒక మిట్టను పొడుగు కిటికీలోకి దించి దొర్లిస్తే చేతిలోకి వస్తుంది. సరైన కోణం దొరికినప్పుడు ఇంత బరువైన ఉక్కు వేలితో తోసినట్టు కదులుతుంది. ఆ క్షణం నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టం.

కిరసనాయిల్లో బ్రష్షుతో కడిగి, మళ్లీ శుభ్రమైన దాంట్లో ముంచి, పూర్తిగా ఆరబెట్టాను. కిరసనాయిలు తడి మిగిలితే కొత్త గ్రీజును పల్చబరుస్తుంది, బూటు రబ్బరునూ ఉబ్బిస్తుంది.

తర్వాత గాడుల పరీక్ష. దీపాన్ని నేరుగా కాక పక్కనుంచి వాల్చి వేసి చూడాలి, అప్పుడే పల్లం నీడ కనిపిస్తుంది. గోలీ దొర్లిన దారి గాడిలో మెరిసే పట్టీలా ఉంది. అది మామూలే, అరుగుదల కాదు. ఆ పట్టీ మీద గోరు అడ్డంగా నడిపాను. గోరు ఎక్కడైనా ఆగిందంటే అక్కడ గుంట పడిందన్నమాట, జాయింట్ ఇక పనికిరాదు. ఐదు గాడుల్లో గోరు నున్నగా సాగింది. ఆరో గాడిలో మసక మచ్చ ఒకటి కనిపించి గుండె జారింది. గుడ్డతో గట్టిగా రుద్దితే పోయింది, ఎండిన గ్రీజు మరక. గోలీలు ఒక్కొక్కటీ దీపం ముందు తిప్పాను, బొడిపెలు లేవు. చివరికి పంజరం. దాని కిటికీ అంచుల్లో గోలీ తగిలే చోట మెట్టు పడితే గోలీ అటూ ఇటూ కొట్టుకుంటుంది, తర్వాత టక్‌టక్‌లు అక్కడినుంచే వస్తాయి. మూలల్లో వెంట్రుక బీటలు కూడా వెతకాలి. ఏవీ లేవు.

"కొత్త షాఫ్టే తెచ్చి పెట్టేస్తే అయిపోయేది కదక్కా" అన్నాడు తమ్ముడు, చేతులు తుడుచుకుంటూ. గాడిలో గోరు ఆగి ఉంటే నేనూ అదే చేసేదాన్ని. ఒక్క గాడి చెడినా మిగతా ఐదింటి మీద జాలిపడకూడదు. కానీ బాగున్న అసలు జాయింట్‌ను పారేసి నాసిరకం షాఫ్ట్ తేవడం నాకు నచ్చదు. అలాంటి వాటిలో సాన సరిగ్గా లేక కొత్తలోనే వణుకు పుట్టేవి ఉంటాయి. అలాగే విప్పకుండానే బయటినుంచి అతికించే చీలిక బూట్లు దొరుకుతాయి. దారి మధ్యలో ఇల్లు చేరడానికి అవి పనికొస్తాయి, అంతే. ఇసుక చేరిన గ్రీజును లోపలే ఉంచి మీద కొత్త బూటు కప్పితే, ఆ ఇసుక గాడులను సాన పట్టడం ఆపదు.

తిరిగి కూర్చడం ఊడదీసిన దారినే వెనక్కి నడవడం. గీతలు కలిపి, నక్షత్రం వెడల్పు చెక్కుడు ఉన్న వైపు ముందున్నట్టే షాఫ్ట్ వైపుకు వచ్చేలా చూసి, గోలీలను అంకెల ప్రకారం దించాను. ఏ గోలీ అయితేనేం అంటారు కొందరు. అవి ఇన్నేళ్లూ ఒకే గాడిలో దొర్లి దానికే ఒదిగి ఉన్నాయి. గాడి మారిస్తే బరువు ఆరింటి మీదా సమంగా పడదు. కూర్చాక నాలుగు వైపులా వంచి చూశాను. ఎక్కడా పట్టుకోలేదు, ఎక్కడా గలగలా లేదు.

గ్రీజు విషయంలో చక్రాల బేరింగ్ గ్రీజుతో సరిపెట్టేవాళ్లను చూశాను. వద్దు. ఇక్కడ గోలీ దొర్లడమే కాదు, జారుతుంది కూడా, అందుకే ఆ మాలిబ్డినం కావాలి. పైగా రెండు రకాల గ్రీజులు కలిస్తే కొన్నిసార్లు పల్చబడి కారిపోతాయి. చిన్న కార్ల బయటి జాయింట్‌కు వంద గ్రాములకు అటూ ఇటూ పడుతుంది, కిట్‌లో ఇచ్చిన ప్యాకెట్ అదే లెక్క. సుమారు సగం జాయింట్‌లోకి, నక్షత్రం మధ్య రంధ్రంలోంచి వేలితో కూరుతూ, గోలీల వెనకనుంచి పొంగి వచ్చేదాకా దట్టించాను. మిగతాది బూటులో.

జాయింట్ ఎక్కించే ముందే చిన్న క్లాంపు, బూటు షాఫ్ట్ మీదికి పోవాలి. షాఫ్ట్ పళ్లకు టేపు చుట్టి బూటు తొడిగాను, లేకపోతే ఆ పళ్లు రబ్బరు లోపలి అంచును గీరేస్తాయి. తీగ లాక్ కొత్తది వేశాను, పాతది మళ్లీ వాడకూడదు. జాయింట్ మీద సుత్తితో తట్టితే లాక్ కూర్చున్న శబ్దం వచ్చింది, లాగి చూసి నిర్ధారించుకున్నాను. పెద్ద క్లాంపు బిగించాక, చిన్న వైపు అంచు కింద మొద్దు స్క్రూడ్రైవర్ దూర్చి లోపలి గాలిని సర్దాను. గాలి ఎక్కువైతే బూటు ఉబ్బుతుంది, తక్కువైతే మడతలు లోపలికి పీల్చుకుని ఒకదాన్నొకటి రాసుకుంటాయి. తర్వాతే చిన్న క్లాంపు. చెవి నొక్కి బిగించే క్లాంపులే వాడాలి. మర తిప్పే హోస్ క్లాంపులకు తల బరువు ఒక పక్కే ఉంటుంది, తిరిగే షాఫ్ట్‌కు అది మంచిది కాదు. ప్లాస్టిక్ టైలు వేడికి, గ్రీజుకు నిలవవు.

లోపలి జాయింట్ బూటు బాగానే ఉన్నా, షాఫ్ట్ చేతిలో ఉంది కదా అని దాన్నీ విప్పాను. అది మూడు కాళ్ల రకం: మూడు రోలర్లు మూడు నిలువు గాడుల్లో ముందుకూ వెనక్కూ జారతాయి. చక్రం పైకీ కిందికీ ఆడినప్పుడు షాఫ్ట్ పొడవు సర్దేది ఇదే. రోలర్ల లోపల సూది బేరింగులుంటాయి, కప్పు తీయగానే రోలర్లు ఊడిపోకుండా చుట్టూ టేపు వేశాను. గ్రీజు మంచి రంగులోనే ఉంది, కడిగి దాని రకం కొత్త గ్రీజు పెట్టి మూసేశాను.

బిగింపులో చెప్పదగ్గవి తక్కువే. గేర్‌బాక్స్ సీల్ పెదవికి ఆయిల్ రాసి, షాఫ్ట్ చివర కొత్త లాక్ వేసి, తిన్నగా నెట్టాను. టక్ మని కూర్చున్నాక జాయింట్ కప్పును పట్టి లాగితే కదలకూడదు. యాక్సిల్ నట్టు కొత్తది. చక్రం నేల మీద ఆనాక బ్రేకు తొక్కించి టార్క్ రెంచ్‌తో, బండి మాన్యువల్ చెప్పిన అంకెకు బిగించి, అంచును గాడిలోకి నొక్కాను. అది పూర్తిగా బిగించకుండా బండిని అంగుళం కూడా దొర్లించకూడదు. చక్రం బేరింగును కలిపి పట్టి ఉంచేది ఆ నట్టు బిగింపే, వదులుగా ఉండగా బరువుతో దొర్లితే బేరింగ్ పోతుంది. గేర్‌బాక్స్ ఆయిల్ మట్టం సరిచూసి నింపాను.

ఖాళీ స్థలంలో స్టీరింగ్ చివరిదాకా తిప్పి కుడికీ ఎడమకూ, ముందుకూ వెనక్కూ నెమ్మదిగా చుట్లు కొట్టాను. తమ్ముడు బయట నడుస్తూ చెవి పెట్టి విన్నాడు. టైర్ల రాపిడి తప్ప ఏమీ లేదు. కొన్నాళ్ల తర్వాత మళ్లీ కిందికి దూరి క్లాంపుల అంచులు వేలితో తడిమాను, పొడిగా ఉన్నాయి. కుడి వైపు బూటును రెండు చేతులతో సాగదీసి చూస్తే మడతల అడుగున సన్నటి నెర్రెలు మొదలయ్యాయి. ఇంకా తెగలేదు. కాబట్టి అది కడిగే పని లేదు, చెడిన గ్రీజు లేదు. దాని కిట్ ఇప్పటికే తెచ్చి పెట్టాను.